ఉరవకొండ రోడ్డు మీద చలి: బండికీ ఒంటికీ చేసుకున్న ఏర్పాట్ల డైరీ

తెల్లవారుజామున మూడున్నరకు అనంతపురంలో పేపరు కట్టలు ఎత్తుకుని, కూడేరు మీదుగా ఉరవకొండ దాకా దించుకుంటూ పోవడం నా పని. నా బండి మీటరులో 53 కిలోమీటర్లు. దారిలో ఆరు చోట్ల ఆగాలి. ఆగినచోటల్లా కట్ట విప్పి, లెక్కపెట్టి, మెయిన్ పేపరులో జిల్లా పేజీలు పెట్టి, ఇళ్లకు వేసే పిల్లలకు ఇవ్వాలి.

పోయిన చలికాలం కూడేరు దాటాక రోడ్డుకు అడ్డంగా ఎనుము వచ్చింది. బ్రేకు పట్టాలని తెలుసు. వేళ్లు ముడుచుకోలేదు. కాలి బ్రేకుతో, రోడ్డు పక్క మట్టిలోకి దిగి బయటపడ్డాను. మన జిల్లాలో చలేముంది అనేవాళ్లు చాలామంది ఉన్నారు. పగలు నిజంగానే లేదు. వానలు తక్కువ, గాలిలో తేమ తక్కువ, మబ్బు ఉండదు. అందుకే రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. తెల్లారేముందు గంట అన్నిటికంటే చలి, సరిగ్గా మేము రోడ్డు మీద ఉండే గంట. పాలవాళ్లు, కూరగాయల బండ్లవాళ్లు, నైటు డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్లు కూడా ఈ గంటలోనే తిరుగుతారు. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మీరు మొదలుపెట్టేముందు నేను చేసిన తప్పులు చదవండి, కనీసం ఆరు వందలు మిగులుతాయి.

కొలతలకు పెట్టుకున్నవి

"కొంచెం వెచ్చగా అనిపించింది" అని రాసుకుంటే వారం తర్వాత అది దేనికీ పనికిరాదు. అందుకని ముందు కొలిచే సామాన్లు కొన్నాను.

1. చేపల తొట్టిలో పెట్టే డిజిటల్ థర్మామీటర్లు రెండు. ఒక్కోటి 180. వీటికి పొడుగు వైరు, చివర చిన్న బుడిపె ఉంటుంది. ఒక బుడిపెను ఉంగరం వేలి వెనకవైపు మెడికల్ టేపుతో అంటించి, వైరును చొక్కా చేతిలోంచి తీసుకున్నాను. రెండోది బనియన్‌కూ చొక్కాకూ మధ్య, ఛాతీ మీద.
2. మల్టీమీటరు (వోల్టులు, ఓమ్‌లు కొలిచేది), 350.
3. కట్ట పరీక్ష. ఇది ఖర్చు లేనిది, అన్నిటికంటే నమ్మకమైనది. ఉరవకొండలో చివరి కట్ట దగ్గర చేతిగుడ్డలు (గ్లౌజులు) తీసి, తాడు ముడి విప్పి, 20 పేపర్లు లెక్కపెట్టి పక్కన పెట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూసుకోవడం. ఇంట్లో, వెచ్చని చేతులతో 24 సెకన్లు.

ఇప్పటిదాకా ఖర్చు: 710.

నవంబరు చివరి వారం: ఏమీ మార్చకముందు

మూడు రోజుల సగటు ఇది. చేతికి ఏమీ లేదు. ఒంటిమీద బనియన్, చొక్కా, మామూలు స్వెటరు. వేగం 50 నుంచి 55.

బయట గాలి, అనంతపురంలో: 15.1 డిగ్రీలు
కూడేరు దాటాక కాలువ కింది పొలాల దగ్గర: 12.6
వేలు, బయలుదేరేటప్పుడు: 31
15 నిమిషాలకు: 22.4
30 నిమిషాలకు: 17.8
45 నిమిషాలకు: 15.9
ఛాతీ దగ్గర: 33 నుంచి 27కు
కట్ట పరీక్ష: 71 సెకన్లు

వేలి చర్మం 15 డిగ్రీల దరిదాపులకు వచ్చిందంటే వేళ్లకు పట్టు, స్పర్శ బాగా తగ్గిపోతాయి. నేను రోజూ ఆ అంచు మీదనే ఉరవకొండ చేరుతున్నానన్న మాట.

రెండున్నర డిగ్రీల తేడా నీళ్లు పారిన పొలాల దగ్గర, పల్లంలో వచ్చింది. చల్లగాలి బరువు, పల్లానికి చేరుతుంది. మీ దారిలో కూడా ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. కొలత అక్కడే తీసుకోండి.

బయటి గాలి ఒక డిగ్రీ లోపల తేడాతో ఉన్న రోజులనే ఒకదానితో ఒకటి పోల్చాను. ఎక్కువ తేడా ఉన్న రోజులు పుస్తకంలో ఉన్నాయి గాని లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి దశ: చేతిగుడ్డలు

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఉన్ని అల్లిక చేతిగుడ్డలు 120. 45 నిమిషాలకు వేలు 16.8. అంటే ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. అల్లిక సందుల్లోంచి గాలి నేరుగా పోతుంది.

ఒకదాని మీద ఒకటి రెండు జతలు వేసుకుంటే 16.1, ఒక్క జత కంటే తక్కువ. బిగువైన చేతిగుడ్డలో వెచ్చగా నిలవాల్సిన గాలికి చోటుండదు, వేళ్లలో రక్తం కూడా నొక్కుకుపోతుంది. ఇది చాలామంది చేసే తప్పు. చేతిగుడ్డ లోపల వేళ్లు ఆడాలి.

లోపల స్పాంజి ఉన్న రెక్సిన్ చేతిగుడ్డలు 450. వేలు 18.9. మేలే, కాని చలికి రెక్సిన్ గట్టిపడి క్లచ్ పట్టడానికి రెండింతల బలం పెట్టాల్సి వచ్చింది. పక్కన పెట్టేశాను.

ఖర్చు 570. మొత్తం: 1,280.

రెండో దశ: గ్రిప్పులకు హీటరు (డిసెంబరు 4 నుంచి 15)

ఈ పని ముందే చేయడం నా పెద్ద తప్పు. కాని పని తీరు పూర్తిగా రాస్తాను, ఎందుకంటే చివర్లో ఇదే మళ్లీ వాడాను.

కొన్నవి: నైక్రోమ్ తీగ (కరెంటు ఇస్తే వేడెక్కేది) 60, ఫైబర్ గ్లాస్ గొట్టం 40, వేడి తట్టుకునే కాప్టాన్ టేపు 150, కొత్త రబ్బరు గ్రిప్పుల జత 140, వైరు, స్విచ్, ఫ్యూజ్ హోల్డర్, 5 ఆంపియర్ ఫ్యూజులు కలిపి 210.

1. తీగను మల్టీమీటరుతో కొలిచాను. మీటరుకు 14 ఓమ్‌లు. ఒక్కో గ్రిప్పుకు 70 సెంటీమీటర్లు కత్తిరిస్తే 9.8 ఓమ్‌లు వచ్చింది. షాపులో చెప్పిన గేజి (తీగ మందం) నంబరును నమ్మకండి, కొలుచుకోండి.
2. తీగను గొట్టంలోకి ఎక్కించి సగానికి మడిచాను. మడిచిన జంటనే హ్యాండిల్ బారు చుట్టూ తిప్పితే రెండు కొసలూ ఒకే వైపు వస్తాయి. ఒంటిగా చుడితే రెండో కొస గ్రిప్పు బయటి చివర ఉండిపోతుంది, దాన్ని వెనక్కి తెచ్చే దారి ఉండదు.
3. చుట్టు మీద కాప్టాన్ టేపు, దానిమీద గ్రిప్పు.
4. రెండు గ్రిప్పులనూ పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్, స్విచ్ మీదుగా వైరు ఇచ్చాను.

విఫలమైనవి వరుసగా:

*డిసెంబరు 6.* ఎడమ గ్రిప్పు ఆగిపోయింది. నైక్రోమ్‌కు మామూలు టంకం అతకదు. అతికినట్టే కనిపించి, వేడెక్కి చల్లారే సరికి ఊడిపోయింది. ఇత్తడి కనెక్టర్‌లో పెట్టి స్క్రూ బిగించాను. అప్పటి నుంచి సమస్య లేదు.

*డిసెంబరు 8.* రెండూ పనిచేస్తున్నాయి, కాని కుడి చేయి కాలుతోంది, ఎడమ చేయి గోరువెచ్చగా కూడా లేదు. ఓమ్‌లు రెండు వైపులా సమానం. సగం రోజు వైర్లు వెతికాను. కారణం వైర్లలో లేదు. కుడివైపు గ్రిప్పు కింద యాక్సిలరేటర్ ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అది వేడిని లోపలికి పోనివ్వదు. ఎడమ గ్రిప్పు నేరుగా ఇనుప బారు మీద ఉంటుంది. చల్లటి గాలిలో బారంతా ఆ వేడిని లాగేసుకుంటుంది. ఎడమవైపు చుట్టు కింద సైకిలు ట్యూబు ముక్క ఒక పొర వేస్తే చాలావరకు సరిపోయింది.

*డిసెంబరు 10.* కుడి గ్రిప్పు ఆగిపోయింది. యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ వైరు ఒకేచోట మడతపడి లోపల తెగింది. గట్టి రాగి వైరు కాకుండా సన్నని పోగుల వైరు వాడి, ఒక చిన్న చుట్టు వదులుగా వదిలాను. ఇక్కడ జాగ్రత్త పడండి: ఆ చుట్టు బ్రేకు లివరుకుగాని కేబులుకుగాని తగులుకోకూడదు. ఇంజిను ఆపి, హ్యాండిల్ ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి, రెండు చోట్లా యాక్సిలరేటర్ తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. రాకపోతే బండి రోడ్డు మీదకు తీయొద్దు.

*డిసెంబరు 13.* కూడేరులో టీ తాగడానికి ఆగి స్విచ్ ఆపడం మరిచిపోయాను. నా బండికి ఉన్నది 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్) చిన్న బ్యాటరీ. ఉరవకొండలో కట్టలు దించి చూస్తే సెల్ఫు లేదు, హారన్ లేదు. కిక్కు కొట్టి తెచ్చాను. బ్యాటరీ చార్జింగుకు 60.

*డిసెంబరు 14.* బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెట్టి చూశాను. హీటరు లేనప్పుడు 13.9 వోల్టులు. హీటరు వేస్తే 12.4. అంటే 2.5 ఆంపియర్లు, 31 వాట్లు పోతున్నాయి, బండి తయారుచేసే కరెంటు దానికి చాలడం లేదు, బ్యాటరీ కరుగుతోంది. నాది పాత బండి, హెడ్‌లైటు మాగ్నెటో (ఇంజిను తిరిగితే కరెంటు పుట్టించే భాగం) మీద వేరుగా నడుస్తుంది, బ్యాటరీకి వచ్చే వాటా చిన్నది. మీ బండిలో ఇంతకంటే ఎక్కువ ఉండవచ్చు. హీటరు కొనేముందు ఈ ఒక్క కొలత తీసుకోండి.

ఇంత చేసి వచ్చిన ఫలితం: అరచేయి 34 డిగ్రీలు, వేలి వెనకవైపు 18.5. కట్ట పరీక్ష 58 సెకన్లు. అరచేతిలో నిప్పు పెట్టుకున్నట్టు ఉంది, వేళ్ల వెనక అదే కొంకర్లు. గాలి కొట్టేది వెనకవైపు, నేను వేడి పెట్టింది లోపలివైపు.

ఖర్చు 660. మొత్తం: 1,940.

మధ్యలో ఒక మాట

ఆ వారమే ఉరవకొండ దగ్గర గొర్రెల మంద దాటడానికి బండి ఆపాను. మందతో ఉన్న పెద్దాయన కంబళి ముసుగేసుకుని ఉన్నాడు. చలి ఆగుతుందా అని అడిగితే, "కంబళి గాలిని ఆపదు నాయనా, వెచ్చదనాన్ని పట్టుకుంటాది, అంతే. గాలి కొట్టేటప్పుడు మేము గుట్ట చాటుకు పోయి కూచుంటాం" అన్నాడు.

నేను బండి మీద గుట్ట చాటు లేకుండా కంబళి కోసం వెతుకుతున్నాను. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. 2001లో అమెరికా, కెనడా వాతావరణ శాఖలు తెచ్చిన గాలిచలి సూత్రం ఒకటుంది. అది 10 డిగ్రీలకు, అంతకు దిగువకు వర్తిస్తుంది. గాలి 10 డిగ్రీలుండి, 60 కిలోమీటర్ల వేగంతో తగిలితే, బట్టలేని చర్మానికి అది 5 డిగ్రీల చలితో సమానం. మనం బండి నడిపితే గాలి లేని రోజున కూడా ఆ గాలిని మనమే పుట్టిస్తున్నాం. ముందు గాలిని ఆపాలి, తర్వాత ఒంటి వేడిని పట్టుకోవాలి, అప్పటికీ చాలకపోతేనే బ్యాటరీ వైపు చూడాలి. ఇక్కడి నుంచి పని ఆ వరుసలోనే చేశాను.

మూడో దశ: నూనె క్యానుతో చేతి రెక్కలు (డిసెంబరు 18 నుంచి 24)

ఇంట్లో ఖాళీ అయిన 5 లీటర్ల శెనక్కాయ నూనె క్యాన్లు రెండు తీసుకున్నాను. మెత్తగా వంగుతాయి, విరగవు. వీటితో గ్రిప్పుల ముందు, చేతులకు గాలి తగలకుండా అడ్డం చేశాను.

1. వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగి ఎండబెట్టాలి. నూనె జిడ్డు లివరుకు అంటితే బ్రేకు మీద వేలు జారుతుంది.
2. పాత పేపరు మీద అచ్చు గీసుకోవాలి. బండి మీద మామూలుగా కూర్చుని, చేతులు గ్రిప్పు మీద పెట్టి, ముందునుంచి ఒకరిని చూడమనండి. పిడికిలి మొత్తం, మణికట్టు నాలుగు వేళ్ల వెడల్పు దాకా దాగాలి.
3. క్యాన్ మూలను అలాగే ఉంచి కత్తిరిస్తే సహజంగా వంపు వస్తుంది, గాలి పక్కలకు జారిపోతుంది.
4. అద్దం బిగించే మర దగ్గర ఒక క్లాంపు, గ్రిప్పు లోపలి అంచు దగ్గర ఒక క్లాంపు.

మొదటి రోజే ప్రమాదం తప్పింది. 55 వేగంలో వెనకనుంచి వచ్చిన పాల ఆటో అతను పక్కకొచ్చి, "అన్నా, నీ బ్రేకు లైటు ఆరడం లేదు, ఏంది సంగతి" అని అరిచాడు. ఆపి చూస్తే, గాలి తోపుకు క్యాన్ వెనక్కి వంగి ముందు బ్రేకు లివరును నొక్కుతోంది. నిలబెట్టి ఉన్నప్పుడు ఏ తేడా తెలియదు, వేగం వచ్చాకే వంగుతుంది. ఆ అన్న చెప్పకపోతే చక్రం దగ్గర వేడెక్కి పట్టేసేదాకా నాకు తెలిసేది కాదు. బజారులో దొరికే మెత్తటి గుడ్డ కవర్లు హ్యాండిలుకు తొడిగినా ఇదే జరగవచ్చు.

మార్చినవి: లోపలివైపు అడ్డంగా అల్యూమినియం పట్టీ బోల్టులతో బిగించాను. లివరుకూ రెక్కకూ మధ్య 4 సెంటీమీటర్ల సందు ఉంచాను. అరచేత్తో గట్టిగా తోసి చూశాను, లివరును తాకకూడదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే కుడి రెక్క ట్యాంకుకు తగిలింది, కింది మూల 3 సెంటీమీటర్లు కోశాను.

హీటరు ఆపేసి, 120 రూపాయల ఉన్ని చేతిగుడ్డలతో, 45 నిమిషాలకు వేలు 22.7. కట్ట పరీక్ష 41 సెకన్లు.

అదే చేతిగుడ్డ మొదట 16.8 చూపించింది. పారేయాల్సిన క్యాను ఆరు డిగ్రీలు ఇచ్చింది. ఆ రోజు ఉరవకొండలో నేను ఆ అంకెను మూడుసార్లు చూశాను.

పట్టీ 90, క్లాంపులు 80, బోల్టులు 40. ఖర్చు 210. మొత్తం: 2,150.

నాలుగో దశ: ఛాతీ (డిసెంబరు 26 నుంచి జనవరి 6)

చేతుల చలికి ఛాతీతో ఏం పని అనుకునేవాణ్ని. నడుము పైభాగం చల్లబడుతున్నప్పుడు శరీరం ముందు గుండె, ఊపిరితిత్తుల వేడిని కాపాడుకుంటుంది. దానికోసం వేళ్లకు పోయే సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. అప్పుడు ఎంత మంచి చేతిగుడ్డ వేసినా అందులో పట్టుకోవడానికి వేడే ఉండదు.

మొదట చేతిలో ఉన్నదే వాడాను. మిగిలిపోయిన పాత పేపర్లు నాలుగు షీట్లు మడిచి, చొక్కాకూ స్వెటరుకూ మధ్య పెట్టాను. ఛాతీ 27 నుంచి 29.8కి వచ్చింది. పైసా ఖర్చు లేదు, ఈ రాత్రికే ఎవరైనా చేయవచ్చు. లోపం ఏమిటంటే నాలుగో స్టాపు వచ్చేసరికి అది కిందికి జారుతుంది, చెమటకు మెత్తబడుతుంది.

చెమట గురించి ప్రత్యేకంగా రాయాలి. కట్టలు ఎత్తి బండికి కట్టేటప్పుడు ఒళ్లు తడుస్తుంది. కాటన్ బనియన్ ఆ తడిని వదలదు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది. తడి బనియన్‌తో బయలుదేరిన రోజు, అదే పేపరు అడ్డం ఉన్నా ఛాతీ 26.5. ఇప్పుడు కట్టలు కట్టేటప్పుడు చొక్కా మాత్రమే ఉంచుకుంటాను. కట్టడం అయ్యాక పొడి బనియన్ మార్చి, మిగతావన్నీ అప్పుడు వేసుకుంటాను. రెండు నిమిషాల పని. మీరు ఈ డైరీలోంచి ఒక్కటే తీసుకుంటే ఇది తీసుకోండి.

తర్వాత చేసింది చేతుల్లేని కోటు. మా ఇంట్లో పురుగు కొరికేసిన పాత కంబళి ఉంది. మా జిల్లాలో కురుబలు నేసే ముతక గొర్రె ఉన్నిది. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం వదలదు. ముందువైపు ముక్క కోసి, దానిమీద పాత ఫ్లెక్సీ బ్యానరు ముక్క కుట్టించాను. వీపువైపు ఫ్లెక్సీ వేయలేదు, కంబళి మాత్రమే. ఎందుకంటే మొదటి కోటుకు చుట్టూ ఫ్లెక్సీ వేసి రెండు రోజులు తిరిగాను, లోపలి చెమట బయటికి పోక వీపంతా తడిసింది. గాలి తగిలేది ముందే కాబట్టి అడ్డం ముందుంటే చాలు, వీపు ఊపిరి పీల్చాలి. జిప్పుకు 70, మెడ దాకా మూసుకునేట్టు.

ఛాతీ 31.4. వేలు 24.9. చేతుల దగ్గర ఏమీ మార్చలేదు, కోటు వల్లే రెండు డిగ్రీలు పెరిగింది. కట్ట పరీక్ష 34 సెకన్లు.

మొత్తం: 2,220.

ఐదో దశ: మోకాళ్లు, లెగ్ గార్డు (జనవరి 8 నుంచి 13)

లెగ్ గార్డుకు ఫ్లెక్సీ కట్టడం మా దారిలో చాలామంది చేస్తారు. నేనూ సీటు కవర్ల షాపులో అంచు మడిచి కుట్టించాను. ఆయన ముందే చెప్పాడు, "నిండుగా మూస్తే ఇంజినుకు గాలి యాడనుంచి వస్తాది" అని. వినకుండా నిండుగానే కట్టాను. మోకాళ్లకు వెంటనే తేడా తెలిసింది.

ఏసీ మెకానిక్ దగ్గర దూరంనుంచి వేడి చూసే గన్ను రెండు రోజులకు అడిగి తెచ్చాను. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది, అందుకని ఇంజిను రెక్క మీద ఒకచోట పొయ్యి మసి పూసి, ఎప్పుడూ ఆ మచ్చ మీదే కొలిచాను.

ఫ్లెక్సీ లేకుండా, 20 కిలోమీటర్ల తర్వాత: 104 డిగ్రీలు
నిండుగా కట్టినప్పుడు: 131
నడుమ 18 సెంటీమీటర్లు కోసి, రెండు పక్కలే ఉంచినప్పుడు: 108

మన బండ్లు గాలితో చల్లబడేవి. చలికాలం కదా అని ఇంజిను ముందు గోడ కట్టకూడదు. ఇప్పుడు రెండు వేర్వేరు ముక్కలు, కాళ్ల ముందు మాత్రమే. సైలెన్సరుకు ఒక జాన దూరం. కింద రబ్బరు కొక్కేలు, లేకపోతే రెపరెపలాడి ముందు చక్రం వైపు పోతుంది.

కుట్టు 150, కొక్కేలు 40. మొత్తం: 2,410.

ఆరో దశ: తల, మెడ

మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకునేవాణ్ని. అది వద్దు. మందపాటి ఉన్ని మీద హెల్మెట్ బిగువుగా ఉన్నట్టు అనిపిస్తుంది, చేత్తో పట్టి తిప్పితే తల మీద తిరుగుతుంది. పడినప్పుడు కూడా అలాగే తిరుగుతుంది.

పలచగా ఉండి వెచ్చగా ఉండేది పట్టు. అమ్మ దగ్గర అంచు చీలిన ధర్మవరం చీర ఒకటుంది. అడిగితే, "చింపితే చింపుకో గానీ కొంగు ముట్టొద్దు నాయనా" అంది. జరీ లేని నడుమ భాగంలోంచి తలకూ మెడకూ కలిపి ఒక తొడుగు, మిగిలిన దాంట్లో చేతిగుడ్డల లోపల వేసుకునే పలచటి తొడుగుల జత నా భార్య మిషను మీద కుట్టింది. జరీ అంచు వాడలేదు, ఒరుసుకుని చెవి వెనక గీరుకుంటుంది. మెడ దగ్గర సందు మూసుకుపోవడంతో ఛాతీ ఇంకో అర డిగ్రీ పెరిగింది.

హెల్మెట్ అద్దం మీద ఆవిరి: గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క లోపలివైపు పూసి, నీళ్లు తగలకుండా పొడిగుడ్డతో కనిపించనంతగా తుడవాలి. రెండు రోజులు పనిచేస్తుంది. ముక్కు మీద తొడుగు ఎత్తి కట్టకండి, ఊపిరి మొత్తం పైకి అద్దం మీదకే పోతుంది.

ఖర్చు లేదు.

ఏడో దశ: హీటరు మళ్లీ (సంక్రాంతి తర్వాత)

సంక్రాంతి దాటాక ఒక వారం చలి బాగా దిగింది. కాలువ దగ్గర 10.4. అన్ని ఏర్పాట్లతోనూ వేలు 22కు వచ్చింది. అప్పుడు హీటరు స్విచ్ వైరింగు మార్చాను.

1. ఆరు కాళ్ల స్విచ్ తెచ్చి, ఒకవైపు వేస్తే రెండు గ్రిప్పులూ పక్కపక్కన, ఇంకోవైపు వేస్తే ఒకదాని వెనక ఒకటి వచ్చేట్టు కలిపాను. పక్కపక్కన ఉంటే 4.9 ఓమ్‌లు, వరుసగా ఉంటే 19.6.
2. వరుసగా ఉన్నప్పుడు మొత్తం 9 వాట్లే. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు నిలిచింది, చార్జింగు ఆగలేదు.
3. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్) పెట్టి దాని కాయిల్‌ను తాళంచెవి లైనుకు ఇచ్చాను. తాళం తీస్తే హీటరు ఆగాల్సిందే. టీ దగ్గర మరిచిపోయినా ఫరవాలేదు.
4. కొత్తగా వేసిన ప్రతి జాయింటు మీద వేడికి ముడుచుకునే గొట్టం.

రెక్కలు గాలిని ఆపుతున్నాయి కాబట్టి, డిసెంబరులో 31 వాట్లు చేయలేని పని ఇప్పుడు 9 వాట్లు చేస్తున్నాయి. 10.4 డిగ్రీల గాలిలో, 45 నిమిషాలకు వేలు వెనక 26.8. కట్ట పరీక్ష 28 సెకన్లు. ఎక్కువ వేడి స్విచ్ బయలుదేరిన మొదటి పది నిమిషాలే వాడతాను.

రిలే 120, స్విచ్ 60, గొట్టం 40. మొత్తం: 2,630.

ఇందులో మూడు, నాలుగు, ఐదు దశలు కలిపి 470 మాత్రమే. హీటరు అక్కరలేని వాళ్లకు, కొలిచే సామాను వద్దనుకునే వాళ్లకు, ఆ 470తో పాటు 120 చేతిగుడ్డలు సరిపోతాయి. మా దగ్గర కట్టలు తీసుకునే ఒక పిల్లాడు సైకిలుకు కూడా క్యాన్ రెక్కలు పెట్టుకున్నాడు.

శివరాత్రి మరునాడు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈరోజు కాలువ దగ్గర 17.9. ఫ్లెక్సీ ముక్కలు, రెక్కలు విప్పాను. కుడి రెక్కలో కింది బోల్టు దగ్గర వేలెడు పగులు ఉంది. వచ్చే ఏడు అక్కడ వాషరు పెద్దది వేయాలి, రంధ్రం అంచుకు ఇంకో సెంటీమీటరు దూరంగా చేయాలి. కుడి గ్రిప్పు వైరు చుట్టును విప్పి చూశాను, పోగులు రెండు తెగి ఉన్నాయి. ఒక చలికాలానికి రెండు పోగులు. కార్తీకంలో మళ్లీ బిగించేటప్పుడు ఆ ముక్క మొత్తం మారుస్తాను. కంబళి కోటును వేపాకు వేసి ట్రంకు పెట్టెలో పెట్టాం. అచ్చు గీసిన పేపరు, క్లాంపులు, మిగిలిన 40 సెంటీమీటర్ల నైక్రోమ్ తీగ అదే పెట్టెలో, ఎడమ మూలలో ఉన్నాయి.